శామియానా కింద హిస్టరీ

మెదక్ పట్టణంలో ఇకమీదట చరిత్ర ఉండబోదని 2009 జూన్‌లో మంత్రి నర్సింగం గారు సగర్వంగా ప్రకటించారు. ఉండబోనిది డిగ్రీ కాలేజీలో బి.ఏ. హిస్టరీ గ్రూపు మాత్రమే. అయినా మంత్రిగారి ప్రకటనలు ఎప్పుడూ ఆ సైజులోనే ఉంటాయి.

"సచ్చిపోయినోళ్ళ గురించి సదివితే బతికున్నోళ్ళకు నౌకరీలొస్తయా? నేనేమన్న పొలిటికల్ సైన్సు సదివిన్నా? మంత్రిని గాలేదా?" అని ఆయన సభను అడిగారు. ఆయన చదవలేదన్న విషయంలో సభకు ఏ సందేహమూ లేదు. చప్పట్లు మోగాయి.

ముందు వరుసలో కూర్చున్న గిడియోన్ కూడా కొట్టాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కాలేజీలో హిస్టరీ చెబుతున్నది అతనే. పక్కనున్న ప్రిన్సిపాల్ రఘుపతి మోచేత్తో పొడిచాడు కాబట్టి కొట్టాడు.

హిస్టరీ గదికి ఏసీ బిగించి 'కంప్యూటర్ ల్యాబ్' అని బోర్డు పెట్టారు. కంప్యూటర్లు వచ్చేదాకా పాఠం ఆగకూడదని ఆ గదినీ గిడియోన్‌కే అప్పగించారు. అతను నల్లబల్ల మీద కీబోర్డు బొమ్మ గీసేవాడు. పిల్లలు బెంచీల మీద వేళ్ళు ఆడించేవారు.

పాపన్నపేట నుంచి షేర్ ఆటోలో వచ్చే భాగ్య మాత్రం వేళ్ళు కదపలేదు.

"నేను హిస్టరీకి అప్లై చేసిన సార్. మంజీర మా ఊరి పక్కపొంటే పారుతది. నీళ్ళు మాత్రం పట్నం పోతయి. గదెట్లయిందో తెల్సుకుందామని."

"ముందుగాల స్పేస్ బార్ ఒత్తమ్మా," అన్నాడు గిడియోన్. ఆ మాట అన్నందుకు ఆ పూట అన్నం సహించలేదతనికి.

డిసెంబరు వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డెక్కింది. మంత్రిగారు గాలి ఎటు వీస్తోందో కొన్నాళ్ళు లోతుగా అధ్యయనం చేసి, పదవిని గడ్డిపోచలా విసిరేస్తున్నట్టు ప్రకటించి, చౌరస్తాలో శామియానా కింద దీక్షకు కూర్చున్నారు. విసిరేసిన పదవి ఎక్కడ పడిందని ఎవరూ అడగలేదు. త్యాగమూర్తులను అలాంటివి అడగడం మర్యాద కాదు.

మైకు అందుకుని "మనకు అన్యాయం జరిగింది!" అన్నారు. ఆ తర్వాత ఏమనాలో తోచక కాలేజీకి జీపు పంపించారు.

"గిడియోన్ సార్, అన్యాయం జరిగిందని నాకెరుకే. గదేందో జర చెప్పుండ్రి. పది నిమిషాలకు సరిపోవాలె."

గిడియోన్ చెప్పాడు. మంత్రిగారు అంతా విని మళ్ళీ మైకు పట్టారు.

"మన చరిత్ర మనకు తెల్వకుండ చేసిన్రు! ఆఖరికి కాలేజీల హిస్టరీ గ్రూపు సుత బంద్ పెట్టిన్రు! ఎవలు?"

"మీరే సార్," అంది జనంలోంచి భాగ్య.

గిడియోన్ తల దించుకున్నాడు. మంత్రిగారు మాత్రం చలించలేదు.

"విన్నరా! నేనే! నాతోనే చేపిచ్చిన్రు!"

శామియానా దద్దరిల్లింది. ఆ ఊపులోనే, రేపటి నుంచి దీక్ష ముగిసేదాకా ఇక్కడే హిస్టరీ క్లాసు అని ఆయన ప్రకటించారు. జనం ఊరికే కూర్చుంటే లేచిపోతారని ఆయనకు అనుభవం.

మర్నాడు గిడియోన్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ఏంది, పెండ్లికొడుకు లెక్క తయారైతున్నవ్?" అంది భార్య లిల్లీ.

"క్లాసున్నది," అన్నాడు. జూన్ తర్వాత ఆ మాట సిగ్గుపడకుండా అనడం అదే మొదలు.

నిజాం కాలం నుంచి మొదలుపెట్టి పాఠం అరవై తొమ్మిది ఉద్యమం దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఢిల్లీ నుంచి మంత్రిగారికి ఫోనొచ్చింది. ఆయన నిమ్మరసం తాగారు. తన రాజీనామా సరైన ఫార్మాట్‌లో లేనందున, ఎంత బాధగా ఉన్నా పదవిలో కొనసాగక తప్పడం లేదని గద్గద స్వరంతో చెప్పి కారెక్కారు. జనం ఆ కారు వెంట ఊరేగింపుగా పోయారు. శామియానా మల్లేశం వచ్చి గుంజలు పీకడం మొదలుపెట్టాడు.

"లేవుండ్రి సార్. శంకరంపేటల ఫంక్షనున్నది."

భాగ్య లేవలేదు.

"పాఠం సగంల ఉంది సార్. అరవై తొమ్మిదిల తూటాలకు అంతమంది పోరగాండ్లు సచ్చిపోయిన్రంటిరి. మరి వాళ్ళను నడిపిన లీడర్లు ఏమైన్రు?"

శామియానా గుడ్డ జారి గిడియోన్ ముఖాన ఎండ పడింది. వీధి చివర పటాకులు పేలుతున్నాయి. అవి ఆగేదాకా నిలబడ్డాడు.

"కొందరు మంత్రులైన్రు," అన్నాడు.