రాగిరేకు మాడని రోజు

ఆ ఉదయం మబ్రూకా పెట్టుకున్న పని ఒక్కటే: మిద్దె మీద మిరపకాయలు ఎండబోసి, కూతురి గాజు బట్టీ జోలికి పోకుండా ఉండటం.

కూతురు సుందుస్ రెండు గాజు పలకల మధ్య రాగిరేకు పెట్టి కరెంటు బట్టీలో కరిగిస్తోంది. ఇప్పటిదాకా పెట్టిన రేకులన్నీ మాడిన రొట్టెలా నల్లబడ్డాయి. ఈసారీ అంతే అయితే బట్టీ అమ్మేస్తానని తల్లికి మాటిచ్చి, దాన్ని ముట్టుకోవద్దని పదేపదే చెప్పి బజారుకు వెళ్లింది.

బట్టీ ఉండుండి 'టక్'మంటోంది. మబ్రూకా ఓర్చుకోగలిగినంత సేపు ఓర్చుకుంది. గాజులో లోహం పెడితే పేలదని ఎవరు చూసొచ్చారు? చివరికి కరెంటు కట్టేసింది. అప్పటికీ మనసు కుదుటపడక, దిష్టి పోవాలని నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి గుమ్మరించింది.

కిటికీలోంచి పొగ చూసి పక్కింటి దలీలా బకెట్టుతో పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే వీధి వీధంతా. మంట లేదని తెలిశాక కూడా ఎవరూ కదల్లేదు. ఇంతమందిని నిలబెట్టడం మర్యాద కాదని దలీలా గుమ్మం ముందు వరసగా కుర్చీలు వేయించింది.

నాబుల్ ఊళ్లో గుమ్మం ముందు కుర్చీల వరసంటే అర్థం ఒక్కటే: ఆ ఇంట్లో చావు. మధ్యాహ్నానికల్లా పై వీధి ఆడవాళ్లు గోధుమరవ్వతో వండిన కుస్‌కుస్ గిన్నెలతో దిగారు. మబ్రూకా చేతులు పట్టుకుని, దేవుడు ఓర్పునివ్వాలని ఓదార్చారు. పోయిందెవరని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. బజారుకు వెళ్లిన పిల్ల ఇంకా తిరిగి రాలేదాయె! శోకాలు మొదలుపెట్టింది.

అదే సమయానికి సుందుస్ వీధి మలుపు తిరిగింది. కుర్చీలు చూసి, తల్లే పోయిందనుకుని, గుండెలు బాదుకుంటూ వచ్చి మీద పడింది.

"నువ్వు బతికే ఉన్నావా అమ్మా?"

"నువ్వు పోయావనుకున్నానే తల్లీ."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఇంతమంది ఊరికే వస్తారా?"

ఏడుపు నవ్వయ్యాక సుందుస్‌కు బట్టీ గుర్తొచ్చింది. కట్టేశానని తల్లి గొణిగింది. పిల్ల ముఖం వాడిపోయింది. బట్టీ చల్లారేదాకా వచ్చినవాళ్లు కుస్‌కుస్ తింటూ కూర్చున్నారు.

పొద్దు వాలాక మూత ఎత్తారు. గాజు పలకలు రెండూ ఒక్కటయ్యాయి. మధ్యలో రాగి మాడకుండా, దానిమ్మ గింజంత ఎర్రగా మెరుస్తోంది. ఓదార్చడానికి వచ్చినవాళ్లు నాకొకటంటే నాకొకటని ఎగబడ్డారు.

"అమ్మా, సరిగ్గా ఎప్పుడు కట్టేశావు?"

"ఇక ఇల్లు పేలిపోతుందనిపించినప్పుడు."

ఇప్పుడు బట్టీ ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి సుందుస్ గడియారం చూడదు, తల్లి ముఖం చూస్తుంది.