కాగితం మిల్లుకు ఏకగ్రీవ ఆయ్

కొత్తపేట కాగితం మిల్లును మూసే ప్రసక్తే లేదనీ, దానికి శాశ్వత విశ్రాంతి ఇచ్చే విషయంలో మాత్రం ప్రజల మాటే శిరోధార్యమనీ మంత్రి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు ప్రకటించారు. అంతటి ప్రజాస్వామ్యవాది మళ్లీ పుట్టడు.

మిల్లంటే మంత్రిగారికి ప్రాణం. వరిగడ్డితో కాగితం చేస్తామని దాన్ని ప్రారంభించింది ఆయనే. గడ్డి అందక ఆగిపోతే మళ్లీ ప్రారంభించిందీ ఆయనే. బాయిలర్ చెడిపోయాక, బాగుచేయించకుండానే మూడోసారి రిబ్బను కత్తిరించిందీ ఆయనే. ఇప్పుడా స్థలంలో రొయ్యల చెరువు తవ్వాలని ఆయన బావమరిదికి కల వచ్చింది. బంధువుల కలలకు ఇంత విలువిచ్చే నాయకులు అరుదు.

బాయిలర్ దగ్గర పనిచేసే సాలమోనుకు ఆ కల నచ్చలేదు. ఆ మిల్లు తప్ప అతనికి వేరే బతుకుతెరువు లేదు.

ప్రజల మాట వినడానికి పెట్టిన మొదటి సభలోనే పొరపాటు జరిగింది. రాయలసీమ నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు విశ్రాంతి పథకం చదువుతుంటే, మనవాళ్లు అలవాటు కొద్దీ వాక్యానికో ఆయ్ అన్నారు. వింటున్నామండీ అని దానర్థం. ఆఫీసరుగారు ప్రతి ఆయ్‌నీ అంగీకారం కింద జమకట్టారు.

"రేపు ఆఖరి సభ. చచ్చినా ఎవరూ ఆయ్ అనకండి!" అని సాలమోను ఇంటింటికీ తిరిగి చెప్పాడు.

"అనకపోతే పెద్దాయన ఏవనుకుంటారయ్యా?" అంది భార్య సువార్తమ్మ.

"నోట్లో కిళ్లీ పెట్టుకో."

"మరి నీ నోట్లో?"

మర్నాడు మంత్రిగారు మైకందుకున్నారు. "బాగున్నారా అండీ?" నిశ్శబ్దం. "భోజనాలు చేసేరా?" నిశ్శబ్దం. ఆ అమర్యాదకి సువార్తమ్మకు చెమటలు పట్టాయి.

"మరి, మిల్లు మూసేద్దామంటారా?"

ఎవరూ కిక్కురుమనలేదు. మంత్రిగారి మొహం వాడిపోయింది.

"అయితే వద్దంటారా?"

సాలమోను ఎగిరి లేచాడు. "ఆయ్!"

పొద్దుటినుంచీ ఉగ్గబట్టుకున్న ఆయ్‌లన్నీ సభ ఒక్కసారిగా వదిలింది. కిళ్లీలు కూడా ఎగిరిపడ్డాయి.

ఆఫీసరుగారు మైకు లాక్కున్నారు. "మిల్లు వద్దని ప్రజలు ఏకగ్రీవంగా కోరారు!"

"మూసెయ్యడం వద్దన్నామండీ!" అన్న సాలమోను గొంతు చప్పట్లలో కలిసిపోయింది. మంత్రిగారు కళ్లు తుడుచుకుంటూ వేదిక దిగి, ప్రజావాణి వినిపించినందుకు అతనికి శాలువా కప్పారు.

"సంతోషమేనా సాలమోనుగారూ?"

సాలమోను చాలా అనాలనుకున్నాడు. కానీ ఎదురుగా ఉన్నది అంత పెద్దమనిషి, అడిగిందీ అంత ఆప్యాయంగా.

"ఆయ్," అన్నాడు.