సర్కారు వకీలు గారి సీల్డ్ కవరు

ఆ రోజు అమరేందర్ చేయాల్సిన పని ఒక్కటే. పదిన్నరకల్లా మెదక్ కోర్టుకు వెళ్లి, లక్క సీలు వేసిన కవరు ఒకటి జడ్జిగారి చేతికివ్వాలి. అతను పబ్లిక్ ప్రాసిక్యూటర్. కవరులో ఉన్నవి చీటింగ్ కేసు ముద్దాయి, కాంట్రాక్టర్ రాజేందర్ పన్ను వివరాలు. కోర్టు అడిగితే ఆదాయపు పన్ను శాఖ పంపింది. వాటిని కేసుకు తప్ప దేనికీ వాడకూడదు, ఎవరికీ చూపకూడదు, ఎవరివో కూడా చెప్పకూడదు. నిన్న సాయంత్రం ఆఫీసు బీరువా తాళం మొరాయించడంతో కవరును ఇంటికి తెచ్చి, భార్య బాలమణి చీరల కింద దాచాడు. ఆ చీరలు ఆమె రోజూ కడుతుందన్న సంగతి అంత పెద్ద వకీలు బుర్రకూ తట్టలేదు.

పొద్దున్నే ఆమె కవరు పట్టుకొని వచ్చింది.

"గిదేంది? మీ పేరు మీదున్నది. హైదరాబాద్ నుంచొచ్చింది."

"ఆడ పెట్టు. అడగకు. నీకు గూడ చెప్పరాదు."

"ఎవరిదన్న చెప్పుండ్రి."

"అది అసలే చెప్పరాదు. బయటవడ్డదంటె నా బతుకు ఆగమైతది."

చట్టాన్ని, కట్టుకున్న భార్య నుంచి కూడా కాపాడిన గర్వంతో అమరేందర్ స్నానానికి వెళ్లాడు. బాలమణి లెక్క వేరు. రెండు వారాలుగా ఆయన చాయ్‌లో చక్కెర వద్దంటున్నాడు. మొన్న ఒక్కడే హైదరాబాద్ వెళ్లొచ్చాడు. ఇప్పుడేమో సీలు వేసిన కవరు, బతుకు ఆగం. ఇంకా ఏం కావాలి?

అరగంట తర్వాత అతను తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఇంట్లో భార్య లేదు, కవరూ లేదు. ఫోను మాత్రం మోగుతోంది. నర్సాపూర్ నుంచి బామ్మర్ది అనూప్.

"బావా, ధైర్యంగుండుండ్రి. మేమందరం బస్సెక్కినం."

"ఎందుకురా?"

"అక్క ఏడ్చుకుంట ఫోన్ చేసింది. మీ రిపోర్టు పట్టుకొని ఉమ్మె హాని డాక్టరమ్మ తాన్కి పోతున్న అన్నది. ఏ స్టేజిల ఉన్నది బావా?"

"ఓరీ, అది రిపోర్టు కాదు!"

"మరేంది?"

అమరేందర్ నోరు తెరిచాడు. చట్టం గుర్తొచ్చి మూశాడు. "అది చెప్పరాదు" అన్నాడు.

అవతల ఏడుపు మొదలైంది. బస్సులో పక్కనెవరో "పాపం, ఎంత వయసు?" అని అడగడం కూడా వినిపించింది.

ఫోను పెట్టేలోపే కోర్టు క్లర్కు వాహెద్ చేశాడు. "సాబ్, మీ ఇంటామె ఫోన్ల అంత చెప్పింది. మీ సెలవు చీటి నేనే రాసి జడ్జిసాబ్ టేబుల్ మీద పెట్టిన. పదిహేను దినాలు సరిపోతయా?"

అమరేందర్ ఫోను పెట్టేశాడు. చొక్కా గుండీలు ఒకటి మార్చి ఒకటి పెట్టుకొని, స్కూటర్ మీద దవాఖానాకు పరుగెత్తాడు.

బెంచీలన్నీ నిండి ఉన్నాయి. బాలమణి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఇద్దరు పొరుగువాళ్లు ఆమె భుజాలు పట్టుకున్నారు. కర్ర పట్టుకున్న ముసలాయన ఒకరు అమరేందర్‌ను చూసి ఆయాసపడుతూ లేచాడు.

"నువ్వు కూసో బిడ్డా. నిలవడకు."

దాంతో అమరేందర్ ఓపిక తెగింది.

"నాకేం రోగం లేదు! ఆ కవర్ల ఉన్నయి నా రిపోర్టులు కావు! కాంట్రాక్టర్ రాజేందర్ ఇన్‌కంటాక్స్ కాగితాలు!"

మూలన బీపీ చూపించుకుంటున్న ఒకాయన, చేతికి చుట్టిన పట్టీతోనే లేచి నిలబడ్డాడు.

"నాయా సార్?"

రాజేందరే.

అప్పుడే లోపలి నుంచి డాక్టర్ ఉమ్మె హాని కవరుతో వచ్చింది. "తీస్కోండ్రి వకీల్ సాబ్. పేషెంట్ ఒప్పుకోకుంట నేను ఎవరి కాగితం చూడ. మీ ఇంటామెకు గదే చెప్పిన. ఆమె గూడ ఇప్పలేదు. జరా సీలు చూస్కోండ్రి."

సీలు ఎక్కడా చెదరలేదు. కవరు చీరల కింద నుంచి ఆటో ఎక్కి, డాక్టరు బల్ల దాకా వెళ్లొచ్చింది. ఎవరూ దాన్ని తెరవలేదు. ఇరవై రెండేళ్లుగా బోనులో నిలబెట్టి ఎందరి చేతనో నిజం కక్కించిన తాను, ఎవరూ అడగకుండానే కక్కేశాడు. అమరేందర్‌కు తన మీద తనకే నవ్వొచ్చింది. కొలువు గుర్తొచ్చి ఆ నవ్వు ఆగింది.

నేరుగా కోర్టుకు వెళ్లి జడ్జిగారికి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆయన కవరును అటూ ఇటూ తిప్పి చూశారు.

"సీలు బాగానే ఉంది పీపీ గారూ. లీకు వేరే చోట ఉంది." తర్వాత, వెనకాలే వచ్చిన రాజేందర్‌ను అడిగారు. "మీ అభ్యంతరం ఏమిటి?"

"నాకేం లేదు సార్" అన్నాడు రాజేందర్ చేతులు కట్టుకొని. "పదేండ్ల సంది టాక్స్ కడుతున్ననంటె మా ఇంటోళ్లే నవ్విండ్రు. ఇయ్యాల సర్కారు వకీలే నిండు దవాఖాన్ల సాక్ష్యం చెప్పిండు. ముగ్గురు లేచి నమస్తె వెట్టిండ్రు. ఈ కేసుల గూడ ఈ వకీల్ సారే ఉంటె మంచిగుండు."

జడ్జిగారు నవ్వలేదు. రాజేందర్ ఊరుకున్నా చట్టం ఊరుకోదన్నారు. కేసును మరో ప్రాసిక్యూటర్‌కు అప్పగించి, మర్నాటికల్లా సంజాయిషీ రాసి సీల్డ్ కవరులో పంపమని అమరేందర్‌ను ఆదేశించారు.

మర్నాడు అమరేందర్ సంజాయిషీ రాసి, కవరులో పెట్టి, సీలు వేసి, బాలమణి చేతికిచ్చి పంపించాడు.