కొలువు మెట్ల కింది ఓంకారం

ఆ పొద్దున దేవనాథన్ అనుకున్నది చాలా చిన్న పని. బొమ్మల కొలువులో అమ్మవారి మీద వెలుగు గబుక్కున పడకూడదు, తెల్లవారినట్టు మెల్లగా రావాలి. సాయంత్రం కొలువు చూడటానికి ఆఫీసరు కృష్ణస్వామి వస్తానన్నాడు మరి. తిరుచానూరులో దేవస్థానం గుమాస్తాగా చేరి ఏళ్లు గడిచినా దేవనాథన్ ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ఆ వెలుగు చూసి ఆఫీసరు మనసు కరిగితే, సంతకం దానంతటదే జారిపడుతుందని అతని ఆశ.

మద్రాసు నుంచి తెచ్చిన బుల్లి బల్బులు మెట్లకు కట్టాడు. అవి పన్నెండు ఓల్టులవి. ఇంటి కరెంటును వాటికి తగ్గించి ఇచ్చే ఇటుకంత ట్రాన్స్‌ఫార్మరును మెట్ల కిందికి తోశాడు. పడకగదిలో పెద్ద బల్బుకున్న డిమ్మరును పీకి దానికి తగిలించాడు.

"ఏందండీ, అది పెద్ద లైటుది కదా, దీనికి పనికొస్తాదా?" అంది భార్య పద్మాక్షి.

"వెలుగు తగ్గించేదానికి పెద్దదేంది, చిన్నదేంది? నువ్వు పోయి గుగ్గిళ్లు చూసుకో."

మధ్యాహ్నం డిమ్మరు గుండీని సగం తిప్పాడు. వెలుగు అచ్చం అనుకున్నట్టే వచ్చింది. దాంతోపాటు మెట్ల కిందినుంచి "ఊమ్మ్మ్..." అని మూలుగూ వచ్చింది. ఆ డిమ్మరు ముక్కలు ముక్కలుగా వదిలే కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ఒంటికి పడలేదు. దేవనాథన్ వంగి చూసేలోగా, పసుపుకుంకాలకు వచ్చిన పక్కింటి వరదమ్మ చెంపలేసుకుంది.

"అమ్మవారు ఓంకారం పలకతా ఉండాదే పద్మాక్షీ!"

"అది ట్రాన్స్‌ఫార్మరు అత్తా."

"నోరు కడుక్కో నాయనా! అమ్మను పట్టుకొని ఆ పేర్లేంది?"

ఘడియలో వీధి ఆడవాళ్లంతా వాకిట్లో వరస కట్టారు. ఆ ఊళ్లో ఇద్దరు ఒకరి వెనక ఒకరు నిలబడితే చాలు, మూడోవాడు వచ్చి చేరతాడు. ముందు ఏముందని అడగడు. కొండ దిగి వచ్చిన గుండ్లన్నీ ఆ వరసలోనే నిలబడ్డాయి. దాని తోక చంద్రగిరి కోట గోడకు తగిలిందని చూసినవాళ్లు చెప్పేమాట.

"ధర్మదర్శనమా అప్పా, టికెట్టా?" అన్నాడొక గుండాయన.

"ఇది మా ఇల్లప్పా!"

"సరేలే, ప్రసాదం యాడ ఇస్తారు?"

గుగ్గిళ్లు గంగాళంతో సహా మాయమయ్యాయి. దేవనాథన్ డిమ్మరు దగ్గరికి ఉరికాడు. దేవస్థానం జీతం తింటూ ఇంట్లో ఇంకో దేవస్థానం తెరిచాడంటే, పర్మనెంటు సంగతి అటుంచి, ఉన్నదీ ఊడుతుంది. గుండీని కిందికి తిప్పాడు. మూలుగు ఇంకా పెరిగింది.

"అమ్మకు కోపమొచ్చినాది!" అని జనం గోల. భయపడి పైకంటా తిప్పాడు. మూలుగు ఆగింది గానీ వెలుగు భగ్గుమంది.

"కండ్లు తెరిచినాది!" గడప మీద టెంకాయలు టపటపా పగిలాయి.

వరదమ్మ అతన్ని పక్కకు నెట్టి, గుండీని తానే మళ్లీ సగానికి తెచ్చింది. "దీని జోలికొస్తే సూడు! ఈడైతేనే అమ్మ గొంతు బాగుండాది."

అంతలో చొక్కా తడిసి, చెప్పు ఒకటి పోగొట్టుకుని, వరసలోనుంచి ఆఫీసరు కృష్ణస్వామి ఊడిపడ్డాడు. దేవనాథన్ అతని కాళ్ల మీద పడ్డాడు. "నేనేం మహిమలు చెయ్యలేదు సార్! పెద్ద లైటు డిమ్మరు దీనికి పెట్టినాను, అంతే!"

కృష్ణస్వామి అతని రెక్క పట్టుకుని పెరట్లోకి ఈడ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మెల్లగా అబ్బా! నేనూ అదే పెట్టినాను. మా ఇంట్లో నిన్నట్నుంచి పలకతా ఉండాది. మా అత్త దాని ముందర పొర్లుదండాలు పెడతా, స్విచ్చి ముట్టనీకుండా ఉండాది. ఆపేది ఎట్లో చెప్పు, ఏ కాగితమైనా సంతకం పెడతా."

దేవనాథన్ నోరు తెరిచేలోగా లోపల "టప్" మంది. ట్రాన్స్‌ఫార్మరు మాడి, పొగ గుప్పుమంది. బల్బులు ఆరిపోయాయి, మూలుగూ ఆగింది.

"సాంబ్రాణి!" అని వరదమ్మ కండ్లు మూసుకుంది. తర్వాత నిట్టూర్చింది. "అమ్మ ఈడ చాలించుకునింది."

"ఆఫీసరుగారింట్లో ఇంకా పలకతా ఉండాదంట!" అని పెరటి గోడ అవతలినుంచి ఎవరో అరిచారు. వరసంతా అట్లాగే తిరిగి అటు నడిచింది.

దేవనాథన్ ఉద్యోగం మర్నాడే పర్మనెంటయ్యింది. క్యూలైను చూసుకునే పని, ఆఫీసరుగారి వాకిట్లో.