బావ నెత్తిన ఎవరి భయం?

మా బావది కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగం. పగలంతా జనం చేత తిట్లు తింటాడు కాబట్టి, ఇంటికొచ్చాక తిన్న గిన్నె కూడా ముట్టకూడదని ఆయన సిద్ధాంతం.

"నాకు ఒత్తిడి ఎక్కువే. లోపల నలిగిపోతున్నాను!" అన్నాడు ఒక ఆదివారం, కిటికీ పక్క పడక్కుర్చీలో చొక్కా కూడా నలగకుండా పడుకుని.

మా అక్క బట్టలు కుడుతుంది. సూదిలో దారం ఎక్కిస్తూనే అడిగింది. "లోపలికెళ్ళి ఎవరు చూసొచ్చారు?"

"ల్యాబువాళ్ళు చూస్తారు. జుట్టులో కార్టిసాల్ అని ఉంటుంది. ఒత్తిడి పెరిగితే అదీ పెరుగుతుంది. ఒక్కో సెంటీమీటరు ఇంచుమించు ఒక్కో నెల సంగతి చెప్పేస్తుందట."

"సరే. ఒత్తిడి ఎవరిదని తేలితే వాళ్ళకే ఆ కుర్చీ. మిగిలినవాళ్ళకు గిన్నెలు. మా తమ్ముడే సాక్షి."

సాక్షినైన నాకు నవ్వాగలేదు. బావది పూర్తి గుండు. మెడదాకా దిగే ఆ నల్లటి జుట్టు, ఎవరిదో అసలు జుట్టుతో కుట్టిన విగ్గు. సొంత జుట్టున్నప్పుడు లేని పొడవు, అది ఊడాక వచ్చింది.

అయినా ఆయన తగ్గలేదు. విగ్గు లోపలి వరసలో ఒక పాయను కుదుళ్ళదాకా కత్తిరించి ల్యాబుకు పంపాడు. "ఏదో ఒక అంకె రాకపోదు. ఎంతొచ్చినా ఎక్కువే అందాం" అన్నాడు నా చెవిలో.

కొన్నాళ్ళకు ల్యాబువాళ్ళు రమ్మన్నారు. ముగ్గురం వెళ్ళాం. టెక్నీషియనమ్మ బావ ముఖంలోకి అదోలా చూసింది.

"మీరు బాగానే ఉన్నారా?"

బావ ముఖం వెలిగిపోయింది. "ఏదో, ఇలా ఉన్నానండీ."

"కొసల దగ్గర కార్టిసాల్ మామూలుగానే ఉంది. తర్వాత నెలనెలా పెరిగింది. కుదుళ్ళ దగ్గరికి వచ్చేసరికి... ఇంత నేనెప్పుడూ చూడలేదు. ఈమధ్య ఏం జరిగింది మీకు?"

"ఆఫీసండీ. ఫోన్లు."

"ఫోన్లకు ఇంత రాదు. ఏదీ, కత్తిరించిన చోటు చూడనివ్వండి." ఆవిడ బావ మెడ వెనక చెయ్యి పెట్టింది. విగ్గు మొత్తం చేతికొచ్చేసింది.

నేను పక్కున నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు.

ఆవిడ దాన్ని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు రెండు చేతులతో బల్ల మీద పెట్టింది. "అయితే ఇది ఎవరిది?"

బావ గుండు మీద చెమట పట్టింది. "కొట్టువాడు మంచి సరుకన్నాడండీ" అన్నాడు.

ఇంటికొచ్చాక బావ దాన్ని ఒక్కసారి పెట్టుకుని, వెంటనే తీసేశాడు. "నెత్తి మీద ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టుందే!"

అక్క దాన్ని కడిగి, ఆరబెట్టి, చిక్కుతీసి, పడక్కుర్చీలో దిండు మీద పెట్టింది.

"అదేంటే! ఆ కుర్చీ నాది!"

"ఒత్తిడి ఈవిడది. గిన్నెలు అటున్నాయి."

ఇప్పుడు రోజూ బావే తోముతున్నాడు. మూత చెయ్యిజారి మోగితే చాలు, కుర్చీవైపు తిరిగి "సారీ అండీ" అంటాడు. అక్క పక్కనే కూర్చుని దానికి దువ్వెన పెడుతూ, నాకు వినపడకుండా ఏదో చెబుతూ ఉంటుంది.

మొన్న ఉండబట్టలేక అడిగేశాను. "అక్కా, నిజంగా నమ్ముతున్నావా? లేక బావ చేత గిన్నెలు తోమించడానికా?"

అక్క నోటి మీద వేలు పెట్టింది.

"మెల్లగా మాట్లాడరా. ఇప్పుడే కళ్ళు మూసుకుంది."