జింకు మీద పూత

ఆ ఉదయం రాయచోటిలో కడప బస్సెక్కేటప్పుడు మధులత సంకల్పం ఒక్కటే: కళాశాలకు రానున్న పరిశీలన కమిటీకి తన పనిని తన నోటితోనే చెప్పుకోవడం. నీటి ద్రావణంతో పనిచేసే జింకు బ్యాటరీలో జింకు రేకు త్వరగా పాడవుతుంది. నీళ్ళు దాన్ని తినేస్తాయి, చార్జి పెట్టినప్పుడల్లా దాని మీద ముళ్ళు మొలుస్తాయి. ఆ రేకును కాపాడే పలుచని పూత కోసం ఆమె ఏళ్ళ తరబడి శ్రమించింది. ఆమె పరిశోధనకు గైడైన ఉమామహేశ్ గారు ప్రయోగశాల గడప తొక్కింది ఫొటోలకు మాత్రమే. అయినా, "కమిటీతో నేను మాట్లాడతా. నువ్వు టీలు చూసుకో" అని ముందురోజే ఆజ్ఞాపించారు.

దారిలో ప్రయోగశాల నుంచి స్నేహితురాలు భువన ఫోను చేసింది. ఇంజను రొదలో మధులత అరవక తప్పలేదు.

"పూత నిలిచిందా? రవ్వంత కూడా రాల్లేదా? నేను చెప్పలేదా భువనా!"

పక్క సీటులోని సిద్దమ్మకు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. చెట్లకు జింకు మందు కొట్టడం ఆమెకు కొత్త కాదు. పూత నిలవడమే కొత్త.

"ఏం పాపా, పూత రాలకుండా కనుక్కున్యారా? యాడ?"

"మా కాలేజీలోనే పెద్దమ్మా."

"జింకుతోనేనా?"

"జింకు మీదే."

సిద్దమ్మ అంతకుమించి వినలేదు. ఆమె మరిది పుల్లయ్యకు ఫోను చేసింది. పుల్లయ్య ఊరంతటికీ చేశాడు. మధులత ప్రయోగశాలలో రేకులు అమర్చుకునే వేళకు కళాశాల ముందు రెండు ట్రాక్టర్లు ఆగాయి.

పొలం మోటార్లకు బ్యాటరీలు అడగడానికి వచ్చిన రైతులని అనుకున్నారు ఉమామహేశ్ గారు. వెనకే కమిటీ కారు కూడా వచ్చింది. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదని ఆయన మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు.

"పూత కనుక్కునింది ఎవురు సామీ?" అన్నాడు పుల్లయ్య.

"నేనే."

"మరి ఆ పాప?" అంది, మధులత వెనకే బస్సు దిగి వచ్చిన సిద్దమ్మ.

"ఆమెది చేతిసాయం. ఆలోచనంతా నాది."

మధులత రేకు చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"ఎట్ల వేయల్ల? చిక్కంగానా?" పుల్లయ్య మళ్ళీ అడిగాడు.

"పలచగా. ఎంత పలచగా ఉంటే అంత మంచిది."

"వానొస్తే?"

"నీళ్ళలో ముంచి ఉంచినా ఏడాది దాకా చెక్కుచెదరదు. హామీ నాది!"

రైతులు ముఖముఖాలు చూసుకున్నారు. పుల్లయ్య తల గోక్కున్నాడు.

"ఏడాదంతా పూత రాలకపోతే, కాయ ఎప్పుడు పడతాది సామీ?"

"కాయా? ఏం కాయ?"

"చీనీకాయ! ఏమప్పా, ఎగతాళా? పద తోటకు. నీ చేత్తోనే కొట్టు మందు. పూత రాలిందా, ఆ చెట్టుకే నిన్ను కట్టేస్తా!"

పుల్లయ్య ఆయన చేయి పట్టి ట్రాక్టరు వైపు లాగాడు; ఆ పట్టు ఉడుంపట్టు. ట్రాక్టరు దగ్గర పడేకొద్దీ ఉమామహేశ్ గారి గొంతు పెరిగింది.

"వదలండయ్యా! ఆ పూత గురించి నాకేమీ తెలియదు! అంతా మధులతే చేసింది. నేను దాన్ని ముట్టుకోనైనా లేదు!"

కమిటీ అధ్యక్షురాలు ప్రేమజ్యోతి గారు కారు పక్కనే నిలబడి అంతా విన్నారు. "అయితే మనం మాట్లాడవలసింది ఆ అమ్మాయితో" అని మెట్లెక్కారు.

మధులత ముందుగా సిద్దమ్మ చేయి పట్టుకుంది. "ఇది చెట్టు పూత కాదు పెద్దమ్మా. గోడకు సున్నం పూసినట్టు రేకుకు పూసే పూత."

సిద్దమ్మ నిట్టూర్చి మరిదిని కేకేసింది.

"పుల్లయ్యా, ఆ సామిని ఇడ్సు. ఆయప్పకు ఏ పూతా తెలీదంట!"

ఉమామహేశ్ గారి పరిశోధనలన్నిటిలోనూ ఎవరూ ఆక్షేపించని ఫలితం అదొక్కటే.