మా అత్తగారి కాలికి రంగుల కట్టు

డాక్టర్లు రోగిని "ఎలా ఉంది?" అని అడగడం ఇక మానేయాలి. అది కాలదోషం పట్టిన పద్ధతి! అడిగితే రోగులేం చెబుతారు? నొప్పి అంటారు, మంట అంటారు, రాత్రంతా కునుకు లేదంటారు. చెప్పిందే చెప్పి డాక్టరు బుర్ర తినేస్తారు. ఇన్నాళ్ళకు సైన్సు పుణ్యమా అని ఆ బెడద వదిలింది.

మా అత్తగారు మెట్ల మీద జారిపడి పిక్క చీల్చుకున్నారు. ఆస్పత్రిలో కుట్లు వేసి, పైన సరికొత్త రకం కట్టు అంటించారు. అది మామూలుగా నీలంగా ఉంటుంది. గాయంలో చెడ్డ బాక్టీరియా చేరితే అందులోని రసాయనం ఎర్రబడుతుంది. అంతే! నొక్కి చూడక్కర్లేదు, విప్పి చూడక్కర్లేదు. పెద్ద డాక్టరుగారు గుమ్మంలోంచే తొంగిచూసి, "బ్లూ! వెరీగుడ్!" అని వెళ్ళిపోయేవారు. ఇంతకన్నా పరిశుభ్రమైన వైద్యం ఎక్కడైనా ఉందా? రోగి గాలి కూడా డాక్టరుకు సోకదు!

ఈ అభివృద్ధి మా అత్తగారికి మాత్రం తలకెక్కలేదు.

"కాలు ఒకటే సలుపు తల్లీ," అన్నారు నర్సుతో.

"కట్టు నీలంగానే ఉందిగా అమ్మా," అంది నర్సు.

నిజమే కదా! నీలం కట్టు కింద కాలికి సలపడానికి ఎంత ధైర్యం?

మర్నాడు కట్టు రంగు తిరిగింది. ఇక చూడండి సందడి! నర్సు అది వంకాయ రంగంది. చిన్న డాక్టరు కాదు, నేరేడుపండు రంగన్నాడు. కట్టుతో ఇచ్చిన రంగుల కార్డులో వంకాయా లేదు, నేరేడూ లేదు. పెద్ద డాక్టరుగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశారు. కట్టు అమ్మిన కంపెనీ మనిషి పరుగున వచ్చి, తప్పంతా గదిలోని పసుపుపచ్చ బల్బుదని తేల్చేశాడు. బల్బు మార్చారు. కర్టెన్లు తీశారు. మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపారు. జరుపుతుంటే మా అత్తగారు "అమ్మో!" అని అరిచారు. కార్డులో ఆ అరుపుకు గడి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రానికి ఆవిడ ఒళ్ళు కాలిపోయింది. క్షణం నోరు మూతపడని మనిషి, నా చెయ్యి పట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పుడు విప్పారు కట్టు. లోపలంతా చీము! కుట్లు తెంచి, కడిగి, మళ్ళీ కుట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే కాలు దక్కేది కాదని చిన్న డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

జ్వరం తగ్గాక పెద్ద డాక్టరుగారు మొట్టమొదటిసారి మంచం దాకా వచ్చారు. విప్పిన కట్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చి, కంపెనీ మనిషి ఫొటో తీశాడు.

"చూశారా, ఎంత కరెక్టుగా కనిపెట్టిందో!" అని డాక్టరుగారు మురిసిపోయారు.

కనిపెట్టింది, కాదనను. పాపం, కట్టు తన పని తాను చేసింది. దానికన్నా ఒకరోజు ముందే కనిపెట్టిన మనిషి మాత్రం ఫొటోలో పడలేదు.

కొత్త కట్టు పట్టుకొచ్చిన నర్సును మా అత్తగారు చేత్తోనే ఆపారు.

"అల్లుడుగారూ, ఈసారి అది కాలికి వద్దని చెప్పండి. నా నోటికి అంటించమనండి. నేను మాట్లాడేటప్పుడు, ఆ రంగు చూడ్డానికైనా ఎవరో ఒకరు ఇటు తిరుగుతారు."